పుట్టినింటి పురుడు – పరదేశపు పౌరసత్వము

తొలిచూలాలిని ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో పుట్టినింటికి తోడ్కొని వచ్చుట తెలుగునాట తరతరముల ఆచారము. నెల్లూరు సముద్రతీరమున కోట, వాకాడు మొదలుకొని ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వరకు ఏ యూరనైనను కూతురి తొలి కానుపు ఆమె తల్లిదండ్రుల బాధ్యతయే. ఖర్చు వారిది, పథ్యపు వంట తల్లిది, బాలింతను బిడ్డతో అత్తవారింటికి సాగనంపునాటి చీరసారెలు వారివి. బిడ్డ పుట్టిన యూరేదని జాతకము వ్రాయువాడు తప్ప మరియెవ్వరును గట్టిగా అడిగెడివారు కారు. పుట్టుట మాతామహుల యింట. ఇంటిపేరు, ఊరు తండ్రివి. అంతటితో సరి.

ఆ ప్రశ్నను ఇప్పుడు గట్టిగా అడుగుచున్నవి దేశదేశముల చట్టములు. చదువులకును ఉద్యోగములకును ఈ తీరమునుండి అమెరికా చేరిన దంపతులకు బిడ్డ ఏ నేలపై పుట్టుననునది పెద్ద విషయమైనది. కూతురు పురిటికి రాదు. తల్లియే శొంఠి, మిరియాలు మూటగట్టుకొని, ఆరు నెలల గడువుతో సందర్శకుల వీసాపై విమానమెక్కి పురుడు పోయుటకు పోవును. పుట్టినిల్లే కూతురింటికి తరలిపోవుచున్నదన్నమాట. సెలవులు దొరకవు, ప్రయాణము కష్టము అను కారణములు ఉండనే యున్నవి. పైకి చెప్పని కారణము పౌరసత్వము.

అమెరికా రాజ్యాంగమునకు 1868లో చేర్చిన పదునాలుగవ సవరణ ఆ దేశమున పుట్టినవారిని అచటి పౌరులుగా గుర్తించినది. బానిసత్వమునుండి విడివడిన నల్లజాతివారి కొరకు వెలసిన న్యాయమది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయ దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అను యువకుడు చైనాకు పోయి 1895లో తిరిగి రాగా అధికారులు అతనిని దేశములో అడుగుపెట్టనీయరైరి. అతడు న్యాయస్థానమునకెక్కి 1898లో గెలిచెను. నాటినుండి పరదేశీయుల బిడ్డలకును ఆ సూత్రము స్థిరపడినది. అయితే అతని తల్లిదండ్రులు అంతకు మునుపే చైనాకు మరలిపోయిరి. కుమారుని జన్మహక్కు వారిని అచట నిలుపలేదు.

నేటికిని తల్లిదండ్రుల స్థితి తక్షణము మారునది కాదు. బిడ్డ పుట్టిన మరునాడే వారికి స్థిరనివాసము లభించునని తలచువారు కలరు, అది పొరపాటు. బిడ్డకు 21 ఏండ్లు నిండిన గాని తల్లిదండ్రుల కొరకు అర్జీ పెట్టు అర్హత కలుగదు. అంతవరకు తండ్రి ఉద్యోగపు వీసాపైననే నిలువవలెను. ఉద్యోగము పోయినచో సాధారణముగా 60 దినములలో మరొకటి వెదకుకొనవలెను, లేదా దేశము విడువవలెను. అప్పుడు పౌరుడైన పసివాడును వారి చంకనెక్కి రావలసినదే. ఉద్యోగము ద్వారా స్థిరనివాసము పొందరాదా యందురా? ఆ వరుసలో ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని నూటికి 7 పాళ్ళకు మించి ఈయరాదని నియమము. భారతదేశమున పుట్టినవారు పెక్కుమంది గనుక వారి నిరీక్షణ పదియేండ్లు దాటి సాగుచున్నది. చిత్రమేమనగా, ఇక్కడను లెక్కకు వచ్చునది పౌరసత్వము కాదు, పుట్టిన చోటే.

ఈ చిక్కు ఒకే యింటి అన్నదమ్ముల నడుమ గీత గీయుచున్నది. ఆచారము పాటించి తల్లి నెల్లూరికి వచ్చి పెద్దవానిని కన్నదనుకొందము. రెండవవాడు అక్కడ పుట్టెను. ఇద్దరును ఒకే బడిలో చదివిరి, ఒకే యాసలో మాట్లాడిరి. పెద్దవానికి నెల్లూరు సెలవులలో చూచిన అమ్మమ్మగారి యూరు మాత్రమే. తండ్రి వరుస రాకమునుపే అతనికి 21 నిండెనా, తండ్రి వీసా నీడ తొలగిపోవును. విద్యార్థి వీసాయో మరొక దారియో వెదకుకొనవలెను. తమ్మునికి 21 నిండిన పిమ్మట అతని అర్జీపై తల్లిదండ్రులకు సంఖ్యాపరిమితి లేని తరగతిలో చోటు దొరకును. అన్న మాత్రము వారి వెంట రాడు. తోబుట్టువుల వరుసలో నిలుచుండినచో భారతీయులకు నిరీక్షణ పదునైదేండ్లకు పైమాటే. అమ్మమ్మ ప్రేమతో పోసిన పురుడే అతని పాలిటి అడ్డుగోడయైనది. కోపపడుదమన్నను ఎవ్వరిమీద?

అన్ని దేశములును పుట్టుకకు ఇంత విలువ నీయవు. నెల్లూరు, కడప జిల్లాలనుండి బ్రతుకుతెరువుకై కువైటు పోయినవారికి అచట బిడ్డ పుట్టినను ఆ నేల పౌరసత్వమీయదు. బ్రిటను 1983 జనవరి 1 నుండి కేవలము జన్మముచే పౌరసత్వమీయుట మానినది. ఐర్లండులో ఒక తీర్పు పిమ్మట, అచట పుట్టిన శిశువును చూపి తల్లిదండ్రులు నివాసానుమతి పొందుచుండిరి. 2003లో అత్యున్నత న్యాయస్థానము అది తప్పనిసరి హక్కు కాదనెను. 2004 జూన్‌లో ప్రజలు ఓటువేసి మూలసూత్రమునే మార్చిరి. కాని 2011 మార్చిలో ఐరోపా న్యాయస్థానము, బెల్జియములోని ఒక కొలంబియా తండ్రి వ్యాజ్యమున వేరొక వాదము నిలిపెను. పోషించు తల్లిదండ్రులను వెడలగొట్టినచో పసిపౌరుడును వెడలవలసివచ్చును గదా, అప్పుడు వాని పౌరసత్వమునకు అర్థమేమి? బిడ్డను 21 ఏండ్లు ఆగుమను చట్టముకంటె ఈ వాదము సంసారధర్మమునకు దగ్గర.

మన చట్టము మాటయో? 1955 నాటి పౌరసత్వ చట్టమున భారతభూమిపై పుట్టుటే చాలియుండెను. 1987 జూలై 1 నుండి తల్లిదండ్రులలో ఒకరైనను భారతీయులు కావలెననిరి. 2004 డిసెంబరు 3 నుండి రెండవవారు అక్రమముగా వచ్చినవారు కారాదనియు చేర్చిరి. అమెరికా తలుపు మూసికొనునేమో యని కలతపడు మనము మన తలుపును ఏనాడో ఓరవాకిలి చేసికొంటిమి.

ఆ కలత నిష్కారణమును కాదు. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు చేసెను. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో స్థిరనివాసియో కానిచో, 30 దినముల తరువాత పుట్టు బిడ్డకు పౌరసత్వము లేదని దాని సారాంశము. గడువు రాకమునుపే న్యాయస్థానములు దానిని నిలిపివేసినవి. వివాదము ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమునకెక్కినది.

అమెరికా పౌరుడైన మనుమడు అల్లూరికి వచ్చునపుడు విదేశీయుడుగానే వచ్చును. రెండు పౌరసత్వములను మన రాజ్యాంగము ఒప్పదు. ఓసీఐ కార్డు ఉన్నచో వీసా లేకయే రావచ్చును, ఎంతకాలమైన ఉండవచ్చును. ఓటు లేదు, వ్యవసాయభూమి కొనరాదు. తాతనుండి వారసత్వముగా సంక్రమించు మాగాణిని మాత్రము ఉంచుకొనవచ్చును.