షేర్ చేసిన ఫోల్డర్ ఓపెన్ కావట్లేదా? తప్పు ఎక్కడుందో వరుసగా పట్టుకుందాం

ఇంట్లో ఒక డెస్క్‌టాప్, రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు, ఒక స్మార్ట్ టీవీ. నల్గొండ, పాలమూరు సైడు ఇప్పుడు ఇదేం పెద్ద విషయం కాదు. 2024 డిసెంబరులో నారాయణపేట జిల్లా మద్దూరులో టీ-ఫైబర్ సేవలు కూడా ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. నెట్ ఇంత స్పీడ్‌గా వచ్చినా, ఈ గదిలోని ఫైల్ ఆ గదిలోకి పోవాలంటే మాత్రం చాలా ఇళ్లల్లో ఇంకా పెన్‌డ్రైవే తిరుగుతోంది. ఎందుకంటే ఫోల్డర్ షేరింగ్ ఒకరోజు పనిచేస్తుంది, ఇంకోరోజు మొండికేస్తుంది.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా మామ నుంచి నెలకోసారి ఇదే ఫోన్. "అల్లుడూ, నిన్నటిదాకా మంచిగనే కనపడ్డది, ఇయ్యాల డ్రైవే లేదంటున్నది." ఆ డ్రైవ్‌లో పెళ్లి వీడియోలు, పిల్లల మెమోలు, పొలం పాస్‌బుక్కుల స్కాన్లు అన్నీ ఉన్నాయి. అందుకే ఏ సెట్టింగ్ పడితే ఆ సెట్టింగ్ మార్చకుండా, కింద నుంచి పైకి ఒక్కో మెట్టు చూసుకుంటూ పోవడం మంచిది. నేను ఫాలో అయ్యే వరుస ఇది.

ముందు అసలు జరిగేదేంటి?

విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేస్తే రెండు మెషీన్లు మాట్లాడుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. దాన్నే లైనక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ సాంబా. ఇంట్లో పెట్టుకునే నాస్ బాక్సుల్లో, యూఎస్‌బీ పోర్ట్ ఉన్న రౌటర్లలో లోపల ఎక్కువగా ఉండేది అదే. ఫోల్డర్ తెరుచుకోవాలంటే నాలుగు పనులు వరుసగా జరగాలి: అవతలి మెషీన్ దాకా దారి ఉండాలి, 445 అనే పోర్ట్ తెరిచి ఉండాలి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒప్పుకోవాలి, చివరికి ఆ ఫోల్డర్ మీద పర్మిషన్ ఉండాలి. ప్రాబ్లం ఏదైనా ఈ నాలుగింటిలో ఒకచోటే ఉంటుంది.

మెట్టు 1: దారి ఉందా?

షేర్ చేసిన కంప్యూటర్ నిద్రలోకి పోయిందేమో చూడండి. స్లీప్‌లో ఉన్న మెషీన్ ఫైళ్లు ఇవ్వదు. పవర్ సెట్టింగ్స్‌లో, ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ "నెవర్" అని పెట్టండి.

తర్వాత రెండు మెషీన్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇవ్వండి. వచ్చిన ఐపీ అడ్రస్‌లలో మొదటి మూడు అంకెలు ఒకటేనా? ఒకదానిది 192.168.1.5, ఇంకోదానిది 192.168.0.7 అయితే దొంగ దాదాపు దొరికినట్టే. కేబుల్ వాళ్లిచ్చిన రౌటర్ కింద ఉంటుంది, పై అంతస్తుకు సిగ్నల్ రాదని మనం ఇంకో రౌటర్ కొని దాని వ్యాన్ పోర్ట్‌కు కేబుల్ పెడతాం. అప్పుడు ఇంట్లో రెండు వేరు వేరు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. పైనున్న ల్యాప్‌టాప్ నుంచి కిందికి పోవచ్చేమో గానీ, కింద నుంచి పైకి రాదు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే సరిపోతుంది.

గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయినా ఇదే కథ. గెస్ట్ నెట్‌వర్క్‌ను పెట్టేదే ఇంట్లోని డివైజ్‌లు కనపడకుండా ఉండటానికి.

మెట్టు 2: తలుపు తెరిచి ఉందా?

విండోస్ కొత్త వైఫైకి కనెక్ట్ అయినప్పుడు దాన్ని సాధారణంగా "పబ్లిక్" కింద లెక్కేస్తుంది. బస్టాండ్ వైఫైకి అది కరెక్టే, ఇంటికి కాదు. రౌటర్ మార్చినా, వైఫై పేరు మార్చినా విండోస్‌కు అది కొత్త నెట్‌వర్కే. "నిన్నటిదాకా వచ్చింది" అనే కేసుల్లో చాలావరకు ఇదే. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌కు పోయి "ప్రైవేట్" చేయండి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి.

తలుపు నిజంగా తెరిచిందో లేదో టెస్ట్ చేయాలంటే పింగ్ ఒక్కటే నమ్మొద్దు. పింగ్‌ను ఫైర్‌వాల్ ఆపేసి ఉండొచ్చు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కు అవతలి ఐపీ, పోర్ట్ 445 ఇవ్వండి. "ట్రూ" అంటే తలుపు తెరిచే ఉంది. "ఫాల్స్" అయితే ఫైర్‌వాల్ చూడాలి. వేరే యాంటీవైరస్ వేసుకుని ఉంటే దాని ఫైర్‌వాల్ కూడా చూడాలి.

మెట్టు 3: లిస్టులో పేరు లేదా? ఐపీతో పోండి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో "నెట్‌వర్క్" కింద కంప్యూటర్ కనపడలేదంటే షేరింగ్ పాడైందని అర్థం కాదు. ఆ లిస్టు వేరు, షేరింగ్ వేరు. అడ్రస్ బార్‌లో నేరుగా \\192.168.1.5 లాగా ఐపీ కొట్టి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్లు వస్తే షేరింగ్ బాగానే ఉంది, పేరు కనిపెట్టే పనే ఆగింది. సర్వీసెస్‌లో ఫంక్షన్ డిస్కవరీ పేరుతో మొదలయ్యే రెండు సర్వీసులను ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి.

ఐపీతో మ్యాప్ చేసిన డ్రైవ్ కొన్ని రోజులకు పోతోందా? రౌటర్ ఆ మెషీన్‌కు కొత్త ఐపీ ఇచ్చి ఉంటుంది. మా దగ్గర కరెంటు పోయి వస్తే ఇది మామూలే. రౌటర్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ పెడితే ఆ మెషీన్‌కు ఎప్పుడూ అదే ఐపీ వస్తుంది.

మెట్టు 4: పాస్‌వర్డ్ అడిగి ఒప్పుకోవట్లేదా?

ఎక్కువమంది జుట్టు పీక్కునేది ఇక్కడే. మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, అవతలి కంప్యూటర్ అడిగేది దాని పాస్‌వర్డ్, మీ కంప్యూటర్‌ది కాదు. రెండు, లాగిన్‌కు వాడే నాలుగంకెల పిన్ నెట్‌వర్క్‌లో పనిచేయదు. పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. మూడు, పాస్‌వర్డే లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద లాగిన్ కావడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. "మా పీసీకి పాస్‌వర్డే లేదు, మరి ఏం కొట్టాలి?" అంటే జవాబు ఇదే.

అన్నిటికన్నా తేలికైన దారి: షేర్ చేసే మెషీన్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ చేయండి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. మిగతా డివైజ్‌లన్నిట్లో అదే ఇవ్వండి. పాత తప్పు పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి పోయి ఆ ఎంట్రీ తీసేయండి, లేకపోతే విండోస్ దాన్నే మళ్లీ మళ్లీ పంపిస్తుంది.

మెట్టు 5: లోపలికి పోయాక "యాక్సెస్ డినైడ్"

ఒక ఫోల్డర్‌కు రెండు తాళాలుంటాయి. ప్రాపర్టీస్‌లో "షేరింగ్" ట్యాబ్‌ది ఒకటి, "సెక్యూరిటీ" ట్యాబ్‌ది ఇంకోటి. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే నెగ్గుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చినా, సెక్యూరిటీలో చదవడానికి మాత్రమే ఉంటే ఫైల్ సేవ్ కాదు. మీరు చేసిన లోకల్ అకౌంట్‌ను రెండు చోట్లా చేర్చండి. మొత్తం డీ డ్రైవ్‌ను షేర్ చేయకండి, కావాల్సిన ఫోల్డర్ ఒక్కటే చేయండి.

విండోస్ 11 అప్‌డేట్ తర్వాత పోయిందా?

2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ తర్వాత చాలామందికి పాత నాస్, రౌటర్‌కు పెట్టిన హార్డ్ డిస్క్ తెరుచుకోలేదు. ఇది బగ్ కాదు. ప్రో ఎడిషన్‌లో మైక్రోసాఫ్ట్ రెండు రూల్స్ గట్టి చేసింది: పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా పోనివ్వదు, ప్రతి ప్యాకెట్ మీద సంతకం అడుగుతుంది. ఆ సంతకం వల్ల మధ్యలో ఎవరైనా డేటాను మారిస్తే తెలిసిపోతుంది. మెసేజ్‌లో "గెస్ట్ యాక్సెస్" అని ఉంటే మొదటి రూల్, "సిగ్నేచర్" అని ఉంటే రెండోది. మందు: నాస్ లేదా రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, అందులో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి.

ఈ రెండు పనులు మాత్రం చేయొద్దు

ఇంటర్నెట్‌లో వెతికితే వెంటనే దొరికే సలహా: "ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయి, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేయి." పని అవుతుంది, నిజమే. కానీ 2017 మే 12న మొదలైన వనాక్రై ర్యాన్సమ్‌వేర్ వ్యాపించింది ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే. ఎవరూ ఏ లింకూ క్లిక్ చేయకుండానే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఎస్‌ఎంబీ 1 మామూలుగా రావడం మానేసింది. మూసిన తలుపును మనమే తీయడం ఎందుకు?

రెండోది, "ఎవ్రీవన్"కు ఫుల్ కంట్రోల్. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్‌కు ర్యాన్సమ్‌వేర్ ఎక్కినా, రాసే పర్మిషన్ ఉన్న షేర్ ఫోల్డర్లన్నిటినీ అది తాళం వేయగలదు. సినిమాలు, ఫోటోలు చూసేవాళ్లకు చదివే పర్మిషన్ చాలు. రాసే పర్మిషన్ ఒకరిద్దరికే ఉండాలి. టీవీలో, ఫోన్‌లో వీఎల్‌సీతో చూడటానికీ చదివే పర్మిషన్ ఉంటే అయిపోతుంది.

ఇంకొక్క మాట. షేర్ ఫోల్డర్ అంటే బ్యాకప్ కాదు. పదిమంది చూసినా కాపీ ఒక్కటే ఉంటుంది. పాస్‌బుక్కుల స్కాన్లు, సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటోలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. ప్లగ్ తీసి ఉన్న డిస్క్‌ను ఏ వైరసూ ముట్టుకోలేదు.

ఈసారి ఎర్రర్ వస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, అప్పుడు ఐపీతో పోయి చూడండి. అది ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే, సగం రిపేర్ అయిపోయినట్టే.