హైదరాబాద్ పేరు మోసిన రవాణా దళం

బ్రిటిష్ వాయుసేన అయిన రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో హైదరాబాద్ పేరును అధికారికంగా ధరించిన స్క్వాడ్రన్లు మూడు ఉండేవి. స్క్వాడ్రన్ అంటే ఒక అధికారి ఆజ్ఞ కింద, సాధారణంగా ఒకే రకం పని కోసం నడిచే విమానాలు, వైమానికులు, మెకానిక్కులు కలిసిన దళం. అవసరాన్ని బట్టి అందులో పది పన్నెండు నుంచి ఇరవై దాకా విమానాలు ఉంటాయి. ఆ మూడింటిలో 152, 253 నంబర్ల దళాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలతో పోరాడగా, వాటికన్నా ముందే ఆ పేరు పొందిన 110వ స్క్వాడ్రన్ బాంబర్ దళంగా మొదలై, 1946 నుంచి 1971 దాకా మధ్యలో కొన్ని విరామాలతో సరుకులనూ సైనికులనూ రోగులనూ చేరవేసే రవాణా దళంగా పనిచేసింది. యుద్ధ చరిత్రలు దాని బాంబు దాడులకే పెద్దపీట వేశాయి గాని, ఆ దళం ఎక్కువ కాలం చేసిన పనీ, అడవుల్లో దారి తెగిపోయిన మనుషుల ప్రాణాలతో నేరుగా ముడిపడిన పనీ ఈ చేరవేతే.

ఆ పేరుకు కారకుడైన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న పాతబస్తీలోని పురానీ హవేలీలో జన్మించారు. ఆ హవేలీకి కొద్ది దూరంలోనే దబీర్‌పురా దర్వాజా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో నగరం చుట్టూ కట్టిన ప్రాకారానికి ఉన్న దర్వాజాల్లో నేటికి మిగిలినవి రెండే కాగా, ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండోది ఇదే. నగర రక్షణ అంటే రాతిగోడ, దానికి కావలి అనుకున్న కాలానికి దబీర్‌పురా దర్వాజా గుర్తుగా నిలిస్తే, దాని పొరుగున పుట్టిన పాలకుడు రక్షణ వ్యవహారం ఆకాశానికెక్కిన కాలంలో రాజ్యం చేయవలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం బ్రిటన్‌కు భారీగా ధనసాయం చేశారు, హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లనే అశ్వికదళాన్ని పశ్చిమాసియా రణరంగానికి పంపారు, చివరికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా విమానాలను కానుకగా ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడన్న బిరుదు ఆయనకు 1918లో దక్కింది. ఈ కానుకల లెక్క సర్కారు ఖజానాలో పడిందా, సర్ఫ్-ఎ-ఖాస్ అనే నిజాం సొంత భూముల ఆదాయంలో పడిందా అన్నది పద్దులకు సంబంధించిన తేడాయే తప్ప, ఆ రెండింటికీ ప్రధానమైన ఆధారం తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తు. అందుచేత 110వ స్క్వాడ్రన్ చరిత్రను ఒక సంస్థానాధీశుడి ఔదార్యంగా మాత్రమే చూడటం సరికాదు, ఆ కథలో ఈ ప్రాంతపు రైతులకూ వాటా ఉంది.

1917 నవంబరులో ఇంగ్లండ్‌లో ఏర్పడిన ఈ దళానికి నిజాం కానుకగా అందినవి డీహెచ్-9ఏ అనే రెండు సీట్ల బాంబర్లు. రెండు జతల రెక్కలు, చెక్క చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, ముందు 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజిన్ వాటి స్వరూపం. ఆ రకం విమానాన్ని యుద్ధంలో వాడిన మొదటి దళం ఇదే. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, జర్మనీ లోపలి పట్టణాల మీద, కర్మాగారాల మీద పగటి దాడులు చేసింది. ఆ దాడులకు చెల్లించిన మూల్యం దారుణమైనది. అక్టోబర్ 21న జరిగిన ఒక్క దాడిలోనే ఏడు విమానాలు తిరిగి రాలేదు. అదే నెల 5న శత్రుభూమిలో దిగిపోయిన ఎఫ్1010 అనే విమానాన్ని జర్మన్లు పట్టుకుని బెర్లిన్ మ్యూజియంలో ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది పోలండ్‌కు తరలిపోయింది, 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి బదులుగా బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఇప్పుడు దానిని చూడవచ్చు. హైదరాబాద్ నిజాం బహూకరించినదన్న వాక్యం దాని మీద ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉంటుంది.

యుద్ధం ముగిశాక ఇదే దళం జర్మనీలో విడిది చేసిన మిత్రసేనలకు టపా మోసింది. ఆ పని 1919 ఆగస్టులో దళాన్ని రద్దు చేసేదాకా సాగింది. సైనిక చరిత్రకారులు ఒక వాక్యంతో దాటేసే ఈ కొద్ది నెలల్లోనే, దాని తర్వాతి జీవితం ఎలా ఉండబోతుందో కనిపించింది.

1937లో మళ్లీ ఏర్పడి, బ్లెన్‌హీమ్ బాంబర్లు అందుకున్న ఈ స్క్వాడ్రన్ రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మరునాడే, అంటే 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ జరిపిన తొలి బాంబు దాడిలో పాల్గొంది. 1942లో భారతదేశానికి వచ్చి, బర్మా సరిహద్దులో వెంజెన్స్, తర్వాత మస్కిటో విమానాలతో జపాన్ సేనలపై పోరాడింది. జపాన్ లొంగుబాటు ప్రకటించిన తర్వాత కూడా బర్మాలో ఆయుధాలు దించని ఒక జపాన్ దళంపై 1945 ఆగస్టు 20న బాంబులు వేసిన విమానాలు కూడా దీనివే. ఆ బాంబర్ దళం 1946 ఏప్రిల్‌లో బోర్నియో తీరంలోని లబువాన్ దీవిలో రద్దయింది.

రెండు నెలలకే హాంకాంగ్‌లోని కైటాక్ స్థావరంలో ఉన్న 96వ రవాణా స్క్వాడ్రన్‌కు 110 అనే నంబరు ఇచ్చారు. పేరు ప్రతిష్ఠ గల పాత దళం అంతరించిపోకుండా దాని నంబరును మరో దళానికి బదలాయించడం బ్రిటిష్ వాయుసేనలో పరిపాటి. ఆ విధంగా హైదరాబాద్ పేరు డకోటాల మీదికి మారింది. రెండు ఇంజిన్ల ఈ అమెరికన్ విమానం ఇరవై ఎనిమిది మంది సైనికులను గాని, రెండున్నర టన్నులకు పైబడిన సరుకును గాని మోయగలదు. గడ్డినేల మీదా దిగగలదు, మరమ్మతూ సులువు. ఆ రోజుల్లో బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి కూడా డకోటాలే కాబట్టి, ఆ ఇంజిన్ల మోత హైదరాబాదీలకు పరిచయమైనదే. సింగపూర్‌లోని చాంగీ స్థావరానికి చేరిన తర్వాత ఈ దళానికి అసలు పరీక్ష ఎదురైంది.

1948 జూన్‌లో మలయాలోని బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనిస్టు గెరిల్లాల తిరుగుబాటును అణచడానికి అత్యవసర పరిస్థితి ప్రకటించింది. పన్నెండేళ్లపాటు సాగిన ఆ పోరాటంలో సైనిక గస్తీలు రోజుల తరబడి, వారాల తరబడి అడవిలోనే ఉండవలసి వచ్చేది. ఒక్కో మనిషి వీపున మోయగలిగిన తిండి కొన్ని రోజులకు మించి రాదు. చిత్తడి నేలలో, దట్టమైన అడవిలో బండి నడవదు. అలాంటి చోట విమానం నుంచి సరుకు జారవిడవడమే దారి అయింది. 110వ స్క్వాడ్రన్ డకోటాలు ఇతర రవాణా దళాలతో వంతులవారీగా కౌలాలంపూర్ చేరి ఆ పని చేశాయి.

ఈ పని ఎలా జరిగేదో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వైమానికుల నేర్పు అంతా ఇక్కడే ఉంది. అడవిలోని గస్తీ చెట్లు నరికి చిన్న ఖాళీ జాగా చేసి, గుడ్డ పలకలు పరిచి, విమానం చప్పుడు వినగానే పొగ పెట్టేది. మధ్యాహ్నానికి కొండల మీద దట్టమైన మేఘాలు కమ్ముకుంటాయి గనుక విమానాలు తెల్లవారగానే బయల్దేరేవి. ఎడమవైపు వెనక తలుపు తీసేసిన విమానంలో, డిస్పాచర్లు అని పిలిచే సైనికులు బియ్యం, డబ్బా ఆహారం, తూటాలు, రేడియో బ్యాటరీలు, బూట్లు కట్టిన మూటలను గుమ్మం దగ్గర పేర్చేవారు. పైలట్ సంకేతం ఇచ్చిన క్షణంలో వాటిని కాళ్లతో, చేతులతో బయటికి నెట్టేవారు. విమానం లోపలి తీగకు తగిలించిన తాడు పారాచూట్‌ను దానంతటదే విప్పేది. ఒకసారి వెళ్లేటప్పుడు పడేవి కొన్ని మూటలే కాబట్టి, యాభై మీటర్ల ఎత్తు చెట్ల మీదుగా, ఇరుకు లోయల్లో, విమానం అదే చోటికి మళ్లీమళ్లీ తిరిగి రావలసి ఉండేది. మూట కాస్త అటూ ఇటూ అయితే చెట్ల కొమ్మల్లో చిక్కుకుంటుంది, కింద ఉన్నవాళ్లకు ఆ పూట తిండి ఉండదు. పైలట్ మలుపు తప్పితే విమానం కొండకు గుద్దుకుంటుంది. శత్రువు తుపాకీ కన్నా కొండలూ వాతావరణమే ఈ దళాలకు పెద్ద గండం.

మలయా పోరాటం మొదలైన ఆ 1948 నెలల్లోనే హైదరాబాద్ సంస్థానం తన అంతిమ సంక్షోభంలో ఉంది. ఒకవైపు తెలంగాణ గ్రామాల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన సాయుధ రైతాంగ పోరాటం నడుస్తుండగా, మరోవైపు భారత ప్రభుత్వ ఆంక్షల వల్ల ఆయుధాలు దొరకని నిజాం ప్రభుత్వం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడి సాయం తీసుకుంది. లాంకాస్టర్ బాంబర్‌ను మార్చి తయారుచేసిన నాలుగు ఇంజిన్ల లాంకాస్ట్రియన్ రవాణా విమానాల్లో అతని మనుషులు కరాచీ నుంచి రాత్రివేళ భారత గగనతలం దాటి, బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశారు. ఆ సంస్థానానికి దక్కిన సొంత ఎయిర్‌లిఫ్ట్, అంటే విమానాల ద్వారా సాగే భారీ తరలింపు, ఈ రహస్య రవాణా ఒక్కటే. దానివల్ల ఫలితం మారలేదు. సెప్టెంబర్ 13న మొదలైన భారత సైనిక చర్య 17న నిజాం కాల్పుల విరమణతో, 18న ఆయన సేనల లొంగుబాటుతో ముగిసింది. తర్వాత లండన్ కోర్టు కాటన్‌కు 200 పౌండ్ల జరిమానా విధించింది. రాజ్యమే భారత్‌లో కలిసిపోయిన తర్వాత కూడా ఆ రాజ్యం పేరు పెట్టుకున్న డకోటాలు మలయా అడవుల మీద తిరుగుతూనే ఉన్నాయి.

మలయాతో తెలుగువారి బంధం ఆ దళంకన్నా పాతది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు పేరాక్ మొదలైన రాష్ట్రాల రబ్బరు, కొబ్బరి తోటల్లో తరతరాలుగా పనిచేశారు. నేటి మలేషియా తెలుగు సంఘానికి మూలమైన మలయా ఆంధ్ర సంఘం 1955లో, అత్యవసర పరిస్థితి కొనసాగుతుండగానే ఏర్పడింది. తోటల మీద గెరిల్లాల దాడులు, సైన్యం సోదాలు, కర్ఫ్యూలు అనుభవించిన శ్రామికుల వైపు నుంచి చూసినప్పుడు ఈ యుద్ధం వీరగాథలా కనిపించదు. అది ఒక వలస ప్రభుత్వం తన తోటలనూ గనులనూ కాపాడుకోవడానికి చేసిన యుద్ధం కూడా. ఆ నిజాన్ని దాచకుండానే వైమానికుల ధైర్యాన్ని గుర్తించడం న్యాయం.

1951 నుంచి డకోటాల స్థానంలో వాలెట్టా అనే రవాణా విమానాలు వచ్చాయి. వాటి ఇంజిన్ల శక్తి ఎక్కువే అయినా, రెక్కలను కలిపే దూలం లోపలి గదికి అడ్డంగా ఉండటంతో మూటలు జరపడానికి డిస్పాచర్లు అదనంగా శ్రమపడవలసి వచ్చేది. వాలెట్టాలతో ఉన్న దళం 1957 చివర రద్దయి, 1959 జూన్ 3న కౌలాలంపూర్‌లో రెండు హెలికాప్టర్ దళాల కలయికతో మళ్లీ లేచింది. ఈసారి దాని చేతికి వచ్చినవి వర్ల్‌విండ్, సైకమోర్ హెలికాప్టర్లు. మూట జారవిడిచి వెళ్లిపోవడంతో ఆగకుండా అడవి మధ్యలో దిగి, గాయపడిన సైనికుడిని ఆస్పత్రికి చేర్చగలగడం ఈ మార్పుతో వచ్చిన మేలు. అయితే వేడి, తేమ నిండిన గాలిలో పిస్టన్ ఇంజిన్ల బలం తగ్గి మోయగలిగిన బరువు బాగా తగ్గిపోయేది, సైకమోర్ చెక్క రెక్కలకు ఆ తేమే శత్రువైంది. టర్బైన్ ఇంజిన్‌తో వచ్చిన కొత్త రకం వర్ల్‌విండ్ ఆ కష్టాన్ని చాలావరకు తీర్చింది. 1963 నుంచి 1966 దాకా మలేషియా ఏర్పాటును ఇండోనేషియా సాయుధంగా వ్యతిరేకించిన కాలంలో, బోర్నియో సరిహద్దు కొండల మీది చిన్న చిన్న శిబిరాలకు మనుషులనూ సామగ్రినీ చేర్చడంలో ఆ హెలికాప్టర్లు పాలుపంచుకున్నాయి.

సూయెజ్‌కు తూర్పున ఉన్న స్థావరాల నుంచి వైదొలగాలని బ్రిటన్ నిర్ణయించుకోవడంతో 1971 ఫిబ్రవరిలో 110వ స్క్వాడ్రన్‌ను రద్దు చేశారు. దానికి విమానాలిచ్చిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అదే 1971 డిసెంబరులో భారత పార్లమెంటు ఆమోదించిన 26వ రాజ్యాంగ సవరణ సంస్థానాధీశుల బిరుదులకు, రాజభరణాలకు ఉన్న గుర్తింపును తొలగించింది.