గొర్రెల కన్నా ముందు కంచె, సబ్సిడీ కన్నా ముందు లెక్క

గొర్రెలు కొనటానికి అప్పు చెయ్యటానికి వెనకాడని రైతు, కంచె మాట ఎత్తితే మాత్రం "నాలుగు తుమ్మకంపలు కొట్టి అడ్డం వేస్తే చాలదా" అంటాడు. ఆ కంప సందులోంచి ఒక్క రాత్రి కుక్కలు దూరితే చాలు, ఆ ఈతకు వచ్చిన పిల్లల్లో సగం తెల్లారేసరికి ఉండవు. చిటుక రోగం టీకా వేసే రోజున మందను పట్టుకోవటానికి నలుగురు మనుషులు పొద్దంతా పరుగెత్తాలి. ఆ తొక్కిసలాటలో చూడి గొర్రెలు ఈసుకుపోతాయి. ఈ నష్టాలు ఎవరి పద్దు పుస్తకంలోనూ కనిపించవు. అయినా మంద మీద వచ్చే లాభాన్ని తినేసేవి ఇవే.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. ఇంత సంపద ఉన్నా, మందను కట్టడి చేసే కంచె, జీవాలను పట్టుకునే దొడ్డి చాలా ఊళ్ళలో కనిపించవు. వీటిని కట్టుకోవటానికి ప్రభుత్వ సాయం అందుకునే దారి ఉంది. ఆ దారి ఎలా ఉంటుందో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకుని దిగాలి.

ఏ పథకంలో ఎంత?

తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలును ఒక యూనిట్‌గా 75 శాతం సబ్సిడీపై ఇచ్చారు. ఆ డబ్బులో పెద్ద భాగం జీవాల కొనుగోలుకే పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25లో ఉపాధి హామీ నిధులతో కట్టిన గోకులం షెడ్లలో గొర్రెలు, మేకల షెడ్లకు 70 శాతం రాయితీ ఇచ్చారు.

వీటికి భిన్నమైనది కేంద్రం అమలు చేసిన జాతీయ పశుగణ మిషన్. 2021లో దీన్ని మార్చి, గొర్రెలు, మేకల పెంపకం యూనిట్లకు పెట్టుబడిలో 50 శాతం సబ్సిడీ పెట్టారు. 100 గొర్రెలు, 5 పొట్టేళ్ళ యూనిట్‌కు గరిష్ఠంగా 10 లక్షలు. 200 గొర్రెలు, 10 పొట్టేళ్ళకు 20 లక్షలు. ఇలా పెరుగుతూ 500 గొర్రెలు, 25 పొట్టేళ్ళ యూనిట్‌కు 50 లక్షల దాకా వెళుతుంది. జీవాలతోపాటు షెడ్డు, పరికరాలు, మేత నరికే యంత్రం, గడ్డి పెంపకం వంటివి కూడా ప్రాజెక్టు ఖర్చులోకి వస్తాయి. కంచె, పట్టు దొడ్డి ఖర్చును కూడా ఆ అంచనాలోనే చూపించి, ఎంత వరకు ఒప్పుకుంటారో దరఖాస్తుకు ముందే పశువైద్యాధికారి దగ్గర తేల్చుకోవాలి. భూమి కొనుగోలుకు, కౌలుకు, సొంత వాహనానికి, రోజువారీ నిర్వహణ ఖర్చుకు ఈ సబ్సిడీ వర్తించదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. 10 లక్షలు అన్నది పైహద్దు మాత్రమే, అందరికీ ఇచ్చే మొత్తం కాదు. మీ యూనిట్ ఖర్చు 14 లక్షలైతే వచ్చేది 7 లక్షలే. "పది లక్షలు ఉచితంగా ఇప్పిస్తాం, మాకింత ఇవ్వండి" అంటూ ఊళ్ళలోకి వచ్చే దళారుల మాట నమ్మవద్దు.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

సబ్సిడీ ముందు రాదు. ముందు బ్యాంకు రుణం మంజూరు కావాలి, లేదా సొంత పెట్టుబడి చూపించాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉద్యమిమిత్ర పోర్టల్ ద్వారా వెళుతుంది. రాష్ట్రంలోని అమలు సంస్థ పరిశీలించి, రాష్ట్ర కమిటీ సిఫారసు చేశాక కేంద్ర పశుసంవర్థక శాఖకు చేరుతుంది. ఆమోదం వచ్చాక సిడ్బీ ద్వారా రెండు సమాన వాయిదాల్లో సబ్సిడీ విడుదలవుతుంది. రెండో వాయిదా రావాలంటే పని పూర్తయినట్టు అధికారులు వచ్చి చూసి ధ్రువీకరించాలి. ఈలోగా బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. అందుకే సబ్సిడీ మీదే ఆధారపడి పని మొదలుపెట్టిన రైతు మధ్యలో చేతులెత్తేస్తాడు.

వాయిదా కట్టేవి పిల్లలే

లెక్క ఒకసారి వేసుకుందాం. 100+5 యూనిట్‌కు మొత్తం 20 లక్షలు ఖర్చయిందనుకోండి. సబ్సిడీ 10 లక్షలు, రైతు వాటా 2 లక్షలు పోతే బ్యాంకు బాకీ 8 లక్షలు. అయిదేళ్ళలో తీర్చాలంటే ఏటా అసలే 1 లక్షా 60 వేలు. వడ్డీ 11 శాతం అనుకుంటే మొదటి ఏడు మరో 88 వేలు. పిల్ల ఒక్కటి 8 వేలకు అమ్ముడుపోయిందనుకుంటే 31 పిల్లలు బ్యాంకుకే పోతాయి. ఏడాదిలో 80 పిల్లలు పుట్టాయనుకుంటే మిగిలిన 49 పిల్లల మీదే మేత, మందులు, కాపరి కూలి, ఇంటి ఖర్చు అన్నీ నడవాలి.

ఇప్పుడు ఆ 80లో 20 పిల్లలు కుక్కల పాలో, రోగాల పాలో అయ్యాయనుకోండి. పోయింది సరిగ్గా 1 లక్షా 60 వేలు, అంటే ఏడాది అసలు వాయిదా. కంచె, టీకా, నట్టల మందు కాపాడేది ఈ వాయిదానే. మీ ప్రాంతంలో ధరలు, వడ్డీ వేరుగా ఉంటే ఆ అంకెలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

ఇంకో సంగతి. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. పుట్టిన పిల్ల అమ్మకానికి రావటానికి మరో నాలుగైదు నెలలు. అంటే మొదటి ఆదాయం కళ్ళజూడటానికి దగ్గర దగ్గర ఏడాది పడుతుంది. కాబట్టి మొదటి ఏడు అసలు కట్టకుండా గడువు ఇవ్వమని బ్యాంకు మేనేజరును రుణ పత్రాల మీద సంతకాలకు ముందే అడగాలి.

పొలమంతా జాలీ అక్కర్లేదు

కంచె అనగానే పొలం చుట్టూ ఇనుప జాలీ అనుకుని భయపడతారు. అన్నిటికన్నా గట్టి కంచె కావాల్సింది రాత్రిపూట మంద పడుకునే చోటుకు. పెద్ద గొర్రెకు కప్పు కింద సుమారు 11 చదరపు అడుగులు, బయట తిరగటానికి దానికి రెట్టింపు స్థలం కావాలి. పిల్లలతో కలుపుకొని 105 జీవాల యూనిట్‌కు 65 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు దొడ్డి సరిపోతుంది. దీని చుట్టుకొలత 250 అడుగులు. పది అడుగులకొక కడీ పాతితే 25 కడీలతో పనైపోతుంది. అదే ఎకరం పొలం చదరంగా ఉంటే చుట్టూ దాదాపు 835 అడుగుల కంచె కావాలి. 60 అడుగుల వెడల్పున్న పొడుగాటి చెక్క అయితే అదే ఎకరానికి 1,570 అడుగులు దాటుతుంది. అందువల్ల మొదట రాత్రి దొడ్డికి అయిదడుగుల ఎత్తు జాలీ కట్టి, మేత పొలానికి గచ్చ, వాక, కలబంద వంటి జీవకంచె పెంచుకోవటం మేలు.

జాలీ అడుగు భాగాన్ని ఒక అడుగు లోతు పాతాలి, లేదా చుట్టూ బండలు పేర్చాలి. కుక్కలు, నక్కలు పైనుంచి దూకేకన్నా కింద తవ్వి దూరేదే ఎక్కువ. నాలుగు వరసల ముళ్ళతీగ పశువులకు పనికొస్తుంది గానీ గొర్రెలకు కాదు. పిల్లలు సందుల్లోంచి దూరిపోతాయి, పెద్దవాటి పొదుగులు చీరుకుంటాయి.

కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించటం మాత్రం ఎన్నడూ చెయ్యరాదు. అది నేరం. అడవిపందుల కోసం పెట్టిన తీగ చివరకు పక్క పొలం రైతునో, మన ఇంటి మనిషినో బలి తీసుకుంటుంది. సోలార్ కంచె వేరు. తగిన యంత్రంతో బిగిస్తే అది క్షణకాలం షాకు కొట్టి వదిలేస్తుంది.

పట్టు దొడ్డి, ఇరుకు దారి

టీకా వేయాలన్నా, మందు తాగించాలన్నా, అమ్మకానికి ఏరాలన్నా జీవాన్ని పట్టుకోవాలి. కాలు పట్టి ఈడ్చటం, ఉన్ని పట్టి లాగటం వల్ల జీవం బెదిరి మేత మానేస్తుంది. దీనికి మందు చిన్న పట్టు దొడ్డి, దాని మూల నుంచి బయలుదేరే ఇరుకు దారి. నెల్లూరు, దక్కని జాతులకు ఒకటిన్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు ఉంటే చాలు. అప్పుడు జీవం వెనక్కి తిరగలేదు. ఒకరు తోలుతుంటే ఒకరు సూది వేసుకుంటూ పోవచ్చు.

గొర్రె స్వభావం తెలిసి కట్టాలి. ముందు పోయే గొర్రె వెనకాలే మిగతావి పోతాయి. చీకట్లోకి పోవటానికి జంకుతాయి, వెలుతురు వైపు నడుస్తాయి. ఎదురుగా దారి మూసుకుపోయినట్టు కనిపిస్తే ఆగిపోతాయి. అందుకని ఇరుకు దారి పక్కలు పలకలతోనో, తాటి దబ్బలతోనో సందు లేకుండా మూసి, చివర మాత్రం బయలు కనిపించేట్టు ఉంచాలి. నేల కొద్దిగా ఎత్తుకు పోయేలా ఉంటే ఇంకా సులువు. ఇనుప గొట్టాలతోనే కట్టాలనేమీ లేదు. సరుగుడు, వెదురు కర్రలతో కట్టినా పనిచేస్తుంది.

కాళ్ళ తొట్టి, తూకం

ఇరుకు దారి నేల మీదే నాలుగు అంగుళాల లోతు, పది అడుగుల పొడవు సిమెంటు తొట్టి కట్టుకుంటే గిట్టల కుళ్ళుకు మందు అక్కడే. 10 శాతం జింక్ సల్ఫేట్ ద్రావణం పోసి అందులో నిలబెట్టి నడిపించాలి. మైలుతుత్తం కూడా వాడతారు గానీ గొర్రెలు రాగిని ఎక్కువగా తట్టుకోలేవు. ఆ నీళ్ళు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ముందుగా మంచినీళ్ళు తాగించాకే తొట్టిలోకి తోలాలి. పని కాగానే తొట్టి ఖాళీ చెయ్యాలి.

తూకం యంత్రం దుబారా కాదు. నట్టల మందు బరువును బట్టి ఇవ్వాలి. కంటి అంచనాతో తక్కువ ఇస్తే చచ్చేవి చావగా మిగిలిన పురుగులు మందుకు లొంగకుండా తయారవుతాయి. అమ్మేటప్పుడు కూడా తూకం తెలిసిన రైతును బేరగాడు మోసం చెయ్యలేడు.

చెవికి పోగు వేయించే పని కూడా ఈ దారిలోనే అవుతుంది. పోగు లేని జీవానికి బీమా డబ్బు రాబట్టటం కష్టం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి. అప్పుడే ఒక్కొక్కరి పరిమితిని అయిదు నుంచి పది పశు యూనిట్లకు పెంచారు. పది గొర్రెలు ఒక యూనిట్ కింద లెక్క, అంటే 100 గొర్రెల దాకా అన్నమాట.

సెంటు భూమి లేని కాపరి మాటేమిటి?

ఈ పథకంలోని పెద్ద చిక్కు ఇదే. షెడ్డుకు, మేతకు సొంత భూమో, లీజు భూమో చూపించాలి. తరతరాలుగా మంద తోలుకుని వలసపోయే గొల్ల, కురుమ కుటుంబాల్లో చాలామందికి భూమి లేదు, లీజు పత్రం రాసిచ్చేవారూ తక్కువ. అనుభవం వాళ్ళది, కాగితాలున్న వాళ్ళకు సబ్సిడీ అన్నట్టు కాకూడదు. స్వయం సహాయక బృందాలు, జాయింట్ లయబిలిటీ గ్రూపులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, రైతు సహకార సంఘాలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చని పథకంలో ఉంది. నలుగురైదుగురు కాపరులు కలిసి గ్రూపుగా ఒకే చోట భూమి లీజుకు తీసుకోవటం ఒక మార్గం.

అది కుదరకపోయినా, ఊరి గొర్రెల పెంపకందారుల సంఘం తరపున ఊరికొక ఉమ్మడి పట్టు దొడ్డి, ఇరుకు దారి, కాళ్ళ తొట్టి కట్టుకోవచ్చు. ఏడాదిలో టీకాలకు, నట్టల మందుకు కలిపి ఒక్కో మంద దాన్ని వాడేది కొద్ది రోజులే. అందరూ విడివిడిగా కట్టాల్సిన పని లేదు. అయితే ఒక మంద వెళ్ళాక శుభ్రం చేసి, సున్నం చల్లి, ఆ తర్వాతే రెండో మందను తోలాలి. రోగమున్న మందను అసలే రానివ్వకూడదు.

దరఖాస్తుకు ముందు

లీజు అయితే పత్రాలు రుణ కాలానికి సరిపోయేట్టు రాయించుకోండి. గొర్రెల పెంపకంలో శిక్షణ ధ్రువపత్రమో, అనుభవానికి రుజువో సిద్ధం చేసుకోండి. ప్రాజెక్టు రిపోర్టు ఎవరితో రాయించినా ప్రతి పద్దూ చదివించుకుని అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి. కంచె, షెడ్డు, నీళ్ళు, మేత తయారయ్యాకే గొర్రెలు దించండి. కొత్తగా కొన్నవాటిని మూడు వారాలు విడిగా ఉంచి, టీకాలు వేయించి, ఆ తర్వాతే మందలో కలపండి. ప్రతి కొనుగోలుకూ రసీదు తీసుకోండి. తనిఖీకి వచ్చే అధికారి ముందుగా అడిగేది అదే.

పథకాల నిబంధనలు, నిధులు మారుతుంటాయి. డబ్బు ఖర్చు పెట్టకముందే మీ మండల పశువైద్యాధికారిని, బ్యాంకు మేనేజరును కలిసి ఈ ఏడు అమల్లో ఉన్న నిబంధనలు తెలుసుకోండి. సబ్సిడీ వచ్చినా రాకపోయినా రాత్రి దొడ్డికి 25 కడీలు, కర్రలతో ఒక ఇరుకు దారి మాత్రం ఈ వానాకాలంలోపు వేసుకోండి. వానలకు ముందు చిటుక రోగం టీకా వేసేనాటికి ఆ ఖర్చు ఎంత కలిసొచ్చేదో మీకే తెలుస్తుంది.