వీడియో క్లిప్‌ను అనుసరించే ప్రసార గ్రాఫిక్స్: స్క్రిప్టుల వినియోగం

1. పరిచయం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాది మంది మరణించారు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం అంతకు నెల రోజుల ముందే, అక్టోబరు 23న ప్రారంభమైంది. ఆనాడు దివిసీమ పల్లెలకు తుపాను కబురు చేర్చగలిగిన ప్రసార సాధనం రేడియో ఒక్కటే. ఈనాడు ఆ పల్లెల్లో ఇంటింటా టీవీ ఉంది. కాబట్టి వార్త చేరడంతో పని పూర్తి కాదు. తెర మీద కనిపించే ఊరి పేరు, హెచ్చరిక, వాటి సమయం సరైనవై ఉండాలి.

తెర అడుగున కనిపించే పేరు పట్టీ, కదిలే అక్షరాల వరుస, పటం మొదలైనవాటిని ప్రసార గ్రాఫిక్స్ అంటారు. చిన్న స్టూడియోలో ఒకే ఆపరేటరు మీట నొక్కుతూ వీటిని నడుపుతాడు. తుపాను రాత్రి పది పనుల మధ్య ఆ మీట ఆలస్యం కావచ్చు. ఈ పనిని కంప్యూటరుకు అప్పగించే ఆదేశాల వరుసే స్క్రిప్టు. న్యూస్‌రీడరు చదివే వార్తా పాఠాన్ని కూడా స్క్రిప్టు అంటారు. ఈ పాఠంలో ఆ అర్థం వర్తించదు.

ఈ పాఠంలో ముఖ్యంగా గ్రహించవలసింది ఒకటే. ప్రతి గ్రాఫిక్‌కూ రెండు కాలాలు ఉంటాయి. ఒకటి క్లిప్ కాలం, రెండోది సమాచార కాలం. స్క్రిప్టు రెండింటినీ పాటించాలి.

2. క్లిప్ కాలం

మన దేశంలో టీవీ ప్రసారానికి సెకనుకు 25 ఫ్రేముల లెక్క వాడతారు. 40 సెకన్ల క్లిప్‌లో 1000 ఫ్రేములు ఉంటాయి. ఈ ఉదాహరణ చూడండి. తుపాను వార్తకు మూడు దృశ్యాలు కూర్చారు: మచిలీపట్నం 12 సెకన్లు, గుడివాడ 14 సెకన్లు, దివిసీమ 14 సెకన్లు. దృశ్యం మొదలైన ఒక సెకనుకు ఊరి పేరు రావాలి, నాలుగు సెకన్లు ఉండాలి. అంటే పేర్లు వరుసగా 1, 13, 27 సెకన్ల వద్ద, అనగా 25, 325, 675 ఫ్రేముల వద్ద రావాలి.

ఈ అంకెలను స్క్రిప్టులో నేరుగా రాశామనుకుందాం. ప్రసారానికి కాస్త ముందు ఎడిటర్ మచిలీపట్నం దృశ్యాన్ని 3 సెకన్లు పెంచాడు. ఇప్పుడు గుడివాడ దృశ్యం 15వ సెకను వద్ద, అంటే 375వ ఫ్రేము వద్ద మొదలవుతుంది. పేరు మాత్రం 325 వద్దే వస్తుంది. రెండు సెకన్ల పాటు మచిలీపట్నం నీళ్ల మీద ‘గుడివాడ’ అని కనిపిస్తుంది. గుడివాడలో బంధువులున్న ప్రేక్షకుడిని భయపెట్టడానికి ఆ రెండు సెకన్లు చాలు.

దీనికి పరిష్కారం అంకెలకు బదులు గుర్తులు వాడటం. ఎడిటింగ్‌లో ప్రతి దృశ్యం మొదటి ఫ్రేముకు ఊరి పేరుతో ఒక గుర్తు పెట్టాలి. స్క్రిప్టు ఆ గుర్తుకు 25 ఫ్రేములు కలిపి పేరు వేసే చోటు లెక్కకడుతుంది. అప్పుడు గుడివాడ పేరు 400 వద్ద, దివిసీమ పేరు 750 వద్ద వాటంతట అవే సర్దుకుంటాయి.

3. స్క్రిప్టు పనిచేసే క్రమం

స్వీడన్ ప్రజా ప్రసార సంస్థ ఎస్‌వీటీ తయారుచేసిన కాస్పర్‌సీజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో తెర పొరలుగా ఉంటుంది. వీడియో కింది పొరలోను, గ్రాఫిక్ పై పొరలోను ఉంటాయి. స్క్రిప్టు పంపే ఆదేశాల క్రమం ఇది:

(అ) వీడియోను కింది పొరలో సిద్ధం చేయాలి.
(ఆ) పేరు పట్టీని తెర మీద కనిపించకుండా పై పొరలో ముందే సిద్ధం చేయాలి.
(ఇ) వీడియోను ప్రారంభించాలి.
(ఈ) ప్రస్తుతం ఏ ఫ్రేము నడుస్తోందో సర్వరు పంపే సమాచారాన్ని చూస్తూ ఉండాలి.
(ఉ) నిర్ణీత ఫ్రేము వచ్చినా, దాటినా పట్టీ చూపాలి. 100 ఫ్రేముల తరువాత తీసివేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది: స్క్రిప్టు తన సొంత గడియారంతో ‘16 సెకన్లు ఆగు’ అని లెక్కపెట్టకూడదు. వీడియో ఆలస్యంగా మొదలైనా, మధ్యలో ఆగినా ఆ లెక్క తప్పుతుంది. రెండవది: ‘ఫ్రేము 400కు సమానమైతే’ అని షరతు పెట్టకూడదు. సర్వరు సమాచారం 399 తరువాత 401కి చేరితే పట్టీ అసలు రాదు. ‘400 లేదా అంతకన్నా ఎక్కువైతే’ అని రాసి, ఒకసారి చూపిన పట్టీ మళ్లీ రాకుండా గుర్తు పెట్టాలి.

4. సమాచార కాలం

పేరు పట్టీకి క్లిప్ కాలం సరిపోతుంది. హెచ్చరికకు సరిపోదు. సాయంత్రం తయారైన వార్తను అర్ధరాత్రి మళ్లీ ప్రసారం చేస్తే, ఫ్రేముల లెక్క సరిగానే ఉన్నా హెచ్చరిక పాతబడి ఉంటుంది. పాత హెచ్చరిక చూసినవారు అనవసరంగా ఇల్లు వదలవచ్చు. లేదా తరువాత వచ్చిన తీవ్ర హెచ్చరికను కూడా పాతదేనని తీసిపారేయవచ్చు.

విపత్తు హెచ్చరికల కోసం ‘కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్’ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. మన దేశంలోనూ దీనిని వాడుతున్నారు. ఈ పద్ధతిలోని సందేశంలో హెచ్చరిక ఏ ప్రాంతానికి, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అనే వివరాలకు వేర్వేరు గడులు ఉంటాయి. పట్టీ చూపే ముందు స్క్రిప్టు గడువును ప్రస్తుత సమయంతో పోల్చాలి. గడువు దాటితే పట్టీని ఆపి ఆపరేటరుకు తెలియజేయాలి.

సమయాన్ని పోల్చేటప్పుడు భారత కాలమానం అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుందని మరవకూడదు. మన కాలమానంలో రాత్రి 8.30 వరకు ఉన్న గడువును అంతర్జాతీయ సమయంగా చదివితే, తెల్లవారుజామున 2 గంటల వరకు పట్టీ తెర మీదే ఉంటుంది.

5. తెలుగు అక్షరాల పరీక్ష

కొన్ని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లు వత్తులను విడగొట్టి చూపుతాయి. ప్రసారానికి ముందే ‘మచిలీపట్నం’, ‘అవనిగడ్డ’, ‘కృత్తివెన్ను’ వంటి పేర్లతో పరీక్షించాలి. వెబ్ పేజీ రూపంలో తయారుచేసిన పట్టీకి యూనికోడ్ ఫాంటు వాడితే ఈ ఇబ్బంది సాధారణంగా రాదు.

6. సారాంశం

పట్టీ ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో స్క్రిప్టు చూసుకుంటుంది. ఆ దృశ్యం నిజంగా దివిసీమదేనా, ఈ తుపానుదేనా అన్నది దానికి తెలియదు. గుర్తు తప్పుగా పెడితే స్క్రిప్టు ఆ తప్పునే కచ్చితమైన ఫ్రేము వద్ద చూపిస్తుంది. అందువల్ల గుర్తులను ఎడిటర్ కాక మరొకరు సరిచూడాలి. పట్టీలన్నింటినీ ఒక్క మీటతో తీసివేసే అధికారం ఆపరేటరు చేతిలో ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో గుడివాడ దృశ్యాన్ని కూడా 2 సెకన్లు పెంచితే దివిసీమ పేరు ఏ ఫ్రేము వద్ద రావాలి?
2. క్లిప్ కాలం సరిగా ఉన్నా హెచ్చరిక తప్పయ్యే సందర్భాన్ని మీ మాటల్లో వివరించండి.

మొదటి ప్రశ్నకు జవాబు: 800.