గోడల్ని కాదు, పొయ్యిని చూడాలి

ఆలంపూర్ వచ్చే యాత్రికుల్లో చాలామందికి ఒక లెక్క ఉంటుంది. జోగులాంబ దర్శనం, నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడ. భోజనం మాత్రం కర్నూలులో. దాని అడుగున ఉన్నది దూరాభారం కాదు, ఒక నమ్మకం: బండి మీద తింటే జబ్బు, ఏసీ హోటల్లో తింటే క్షేమం. కానీ క్రిమికి గోడలూ మెనూ కార్డులూ తెలియవు. తిండిలో అది జోరుగా పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. బజ్జీల నూనె కాగేది 170 డిగ్రీలకు అటూ ఇటూ. కళ్లెదుట కళాయిలోంచి తీసిన మిరపకాయ బజ్జీని శంకించి, ఎప్పుడు వండారో తెలియని అన్నాన్ని పింగాణీ పళ్లెంలో ఉందని నమ్మడం తలకిందుల వ్యవహారం. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అన్నం ఉడికినా దాని బీజాలు బతికే ఉంటాయి. వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ వేడిచేసినా పోదు.

'చేత్తో చేస్తారండీ' అన్నది తర్వాతి అభ్యంతరం. జొన్నరొట్టెనూ చేత్తోనే తడతారు. చెయ్యి తగిలాక నిప్పు తగిలిందా లేదా అన్నది అడగవలసిన ప్రశ్న. రొట్టె పెనం మీద కాలుతుంది. బజ్జీ మీద చల్లే ఉల్లిపాయ ముక్కలకూ, పచ్చి చట్నీకీ ఆ అవకాశం లేదు. కర్నూలు నుంచి గద్వాల దాకా ఇష్టంగా తినే ఉగ్గాని సంగతి ఈ రెంటికీ మధ్యది. బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, తాలింపులో వేసి కలుపుతారు. ఆ నీళ్లు కాగినవి కావు కాబట్టి పొయ్యి మీద బాగా వేడెక్కిన ఉగ్గానికీ, పొద్దుటి నుంచి బేసిన్‌లో చల్లారుతున్న ఉగ్గానికీ చాలా తేడా. ధర మాత్రం ఒకటే. కారం ఎక్కువైతే క్రిములు చస్తాయన్న ధీమా కూడా వద్దు. నాలుక మండినంత మాత్రాన నీళ్లు శుభ్రపడవు.

ఇవన్నీ గుళ్లంత పాత వంటలన్న మాట కూడా వినిపిస్తుంటుంది. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో నవబ్రహ్మ గుళ్లు కట్టిన బాదామి చాళుక్యుల కాలపు శిల్పులు జొన్న ఎరుగుదురేమో గానీ మిరపకాయ ఎరగరు. అది పోర్చుగీసుల రాక తర్వాతే ఈ దేశానికి వచ్చింది. ఉగ్గాని ఆంధ్రాదా, తెలంగాణదా అన్న తగువూ ఇక్కడ నిలవదు. 1956 దాకా ఆలంపూర్ తాలూకా ఇప్పుడు కర్ణాటకలో ఉన్న రాయచూరు జిల్లాలో ఉండేది.

బండ్ల మీద అసలైన ఫిర్యాదులు వేరే ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. పదే పదే కాచిన నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018లో దేశవ్యాప్త నిబంధన వచ్చింది. నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కే నూనెను ఏ పరికరం లేకుండానే అనుమానించవచ్చు. తిండిని వార్తాపత్రికల్లో చుట్టడాన్ని 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి, సిరా తిండికి అంటుతుంది కాబట్టి. బజ్జీ విషయంలో రోడ్డు దుమ్ము కన్నా ఈ కాగితమే ముందు పట్టించుకోవలసింది. అన్నిటికన్నా పెద్దది, పళ్లేలన్నిటినీ ఒకే బకెట్‌లో ముంచి తీయడం. అలాంటి చోట విస్తరాకు మేలు.

అయితే బండ్లను తీసేయడమే దారా? సింగపూర్ 1970, 80లలో వీధి వర్తకుల్ని కుళాయిలు, మురుగు కాలువలు ఉన్న కేంద్రాల్లోకి చేర్చింది. చవక తిండి అలాగే నిలిచింది. ఆ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. మన దగ్గర 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం బండివాడి జీవనోపాధికి రక్షణ ఇచ్చింది. బకెట్ పోవాలంటే ఆ రక్షణకు తోడుగా బండి పక్కన ఒక కుళాయి ఉండాలి. దాన్ని బండివాడు ఒక్కడే వేయించుకోలేడు.