స్టెరాయిడ్లు వాడుతుంటే హెచ్‌ఐవీ పరీక్ష తప్పుతుందా?

ఆయాసానికి డాక్టర్ రాసిచ్చిన ప్రెడ్నిసలోన్ మాత్ర వేసుకునే పెద్దాయన ఒకరు. కండలు పెంచాలని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ పొడిపించుకునే జిమ్ కుర్రాడు ఒకరు. హైదరాబాద్‌లోని యాప్రాల్ లాంటి చోట ఈ ఇద్దరూ ఒకే కాలనీలో ఉండొచ్చు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాల్సి వస్తే ఇద్దరికీ వచ్చే అనుమానం ఒకటే: ఒంట్లో స్టెరాయిడ్ ఉండగా వచ్చిన రిపోర్టును నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఎందుకో, ఎక్కడ జాగ్రత్త పడాలో నిదానంగా చూద్దాం.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2021లో కొవిడ్ రెండో దశ నడుస్తుండగా కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు పోటెత్తారు. అదుపులో లేని షుగర్‌కు మోతాదు మించిన స్టెరాయిడ్లు తోడవడం దానికి ఒక పెద్ద కారణమని డాక్టర్లు చెప్పారు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందన్న సంగతి అప్పుడు ఇంటింటికీ తెలిసింది. హెచ్‌ఐవీ పరీక్ష ముఖ్యంగా వెతికేది రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలనే. అవి తగ్గిపోతే పరీక్షకు దొరికేదేముంది అని జనం అనుకోవడంలో తప్పులేదు. అయితే, మామూలుగా వాడే మోతాదుల్లో అలా జరగదు.

కిట్ మీద జరిగేది

వేలి కొస నుంచి తీసిన రక్తపు చుక్కను కిట్ మీద వేసి, దానికి రెండు మూడు చుక్కల ద్రవం కలుపుతారు. తడి మెల్లగా పాకుతూ పోతుంది. దారిలో హెచ్‌ఐవీ ప్రొటీన్లను ముందే అంటించి ఉంచిన చోటు ఒకటి ఉంటుంది. రక్తంలో హెచ్‌ఐవీ యాంటీబాడీలుంటే అక్కడ పట్టుబడి గీతగా కనిపిస్తాయి. పక్కనే కంట్రోల్ గీత రావాలి. అది రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, కొత్త కిట్‌తో మళ్లీ చేయాల్సిందే.

స్టెరాయిడ్ అనేది చాలా చిన్న అణువు. యాంటీబాడీ బరువు దానికి దాదాపు 400 రెట్లు. రూపంలోనూ రెండింటికీ పోలిక లేదు. కాబట్టి స్టెరాయిడ్ వెళ్లి ఆ గీతను తెప్పించలేదు, ఉన్న గీతను చెరపలేదు. జిమ్‌లో వాడే టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్ వంటి అనబాలిక్ స్టెరాయిడ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇన్‌హేలర్లకు, చర్మానికి రాసుకునే క్రీములకు అయితే ఈ అనుమానమే అక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది వేరేవాళ్లు. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్‌తో పాటు రోగనిరోధక శక్తిని అణిచే ఇతర మందులూ తీసుకునేవాళ్లలో యాంటీబాడీలు ఆలస్యంగా తయారయ్యే అవకాశం కొంత ఉంది. అది అరుదు. అలాంటివాళ్లకు డాక్టర్లు వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే న్యాట్ పరీక్ష రాస్తారు, లేదా కొన్నాళ్లాగి మళ్లీ చేయిస్తారు. ఇక లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్లలో అప్పుడప్పుడు తప్పుడు పాజిటివ్ వస్తుంది. దానికి కారణం జబ్బే, దానికి వాడే స్టెరాయిడ్ కాదు. అందుకే మన దేశంలో ఒక్క పరీక్షతో ఎవరినీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లుగా తేల్చరు. మూడు వేర్వేరు పరీక్షల్లోనూ పాజిటివ్ రావాలి.

రిపోర్టును తప్పించేది తొందర

వైరస్ ఒంట్లోకి వచ్చిన మర్నాడే పరీక్ష చేయిస్తే ఎంత ఆరోగ్యవంతుడికైనా నెగెటివే వస్తుంది. వైరస్ సోకినా పరీక్షకు దొరకని ఈ వ్యవధిని విండో పీరియడ్ అంటారు. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతో పాటు పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా పట్టుకుంటుంది. దానికి 18 నుంచి 45 రోజులు కావాలి. యాంటీబాడీని మాత్రమే చూసే రాపిడ్ పరీక్షకు 23 నుంచి 90 రోజులు పడుతుంది. రిపోర్టు చేతికొచ్చాక మనం అడగాల్సింది స్టెరాయిడ్ వాడామా అని కాదు, ఎన్ని రోజులకు చేయించామని.

పరీక్ష కోసమని స్టెరాయిడ్ మాత్రలు మానేయడం మాత్రం ప్రమాదం. వారాల తరబడి వాడుతున్నప్పుడు శరీరం తన సొంత కార్టిసాల్ హార్మోన్ తయారీని తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాడుతున్న మందుల పేర్లు డాక్టర్‌కు చెబితే చాలు. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి. అది కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదారి పట్టించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది.

భయపడాల్సింది సూదికి

జిమ్ కుర్రాళ్లతో గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. స్టెరాయిడ్ పరీక్షను చెడగొట్టదు, కానీ పంచుకున్న సూది హెచ్‌ఐవీని తెచ్చిపెట్టగలదు. ఒకరికి పొడిచిన సూదిలో, సిరంజిలో కంటికి కనిపించనంత రక్తం మిగిలినా చాలు. అదే సిరంజిని ఒకే సీసాలో మళ్లీ ముంచితే ఆ సీసా మందంతా అనుమానమే. హెపటైటిస్ బి, సి కూడా ఈ దారిలోనే వస్తాయి. హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి లేదు.

వేరొకరి సూది గుచ్చుకుందని తెలిస్తే పరీక్ష దాకా ఆగొద్దు. 72 గంటల్లోపు, వీలైతే ఆ రోజే, ఆసుపత్రికి వెళ్లి, వైరస్ సోకకుండా ఆపే పెప్ మందులు అడగాలి. వాటిని 28 రోజులు వాడాలి. పెప్ వాడినప్పుడు పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టర్‌ను అడగాలి.

యాప్రాల్ వాసులు ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి వెళ్తే పరీక్ష, కౌన్సెలింగ్, అవసరమైతే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. అడగడానికి మొహమాటంగా ఉంటే 1097కు ఫోన్ చేయండి, అది ఉచితం. స్టెరాయిడ్ వాడుతున్నానన్న జంకుతో పరీక్షను వాయిదా వేయకండి. ఉన్నదేదో తొందరగా తెలిస్తే, మందులు వేళకు వాడుతూ నిండు జీవితం గడపొచ్చు.