పాత బండి – పాత భాగములు

పెద్దపల్లి జిల్లా సెంటినరీ కాలనీ వంటి బొగ్గుగనుల ప్రాంతములలో, ఇంటిల్లిపాదికి సరిపడు పాత సుమోనో క్వాలిస్‌నో కొనదలచువారికి పంచాయతీ సభ్యులు తెలుపదగిన సంగతులు కొన్ని గలవు.

మన దేశమున క్వాలిస్ తయారీ 2005లోను, సుమో తయారీ 2019లోను నిలిచిపోయినవి. కావున పాత భాగములను వెదకుట తరచు తప్పదు.

గనుల దుమ్ము ఇంజనుకు పెద్ద చేటు. గాలి ఫిల్టరు చెడినచో దుమ్ము లోనికి చొచ్చి పిస్టను రింగులను అరగదీయును. అందుచే ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి చూడవలెను. నీలిపొగ ఆగక వచ్చుట ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఛాసిస్‌కు పట్టిన తుప్పును, వెల్డింగు అతుకులను వంగి పరిశీలింపవలెను.

తలుపులు, అద్దములు, సీట్లు పాతవైనను చింత లేదు. బ్రేకు గొట్టములు, స్టీరింగు జాయింట్లు, సీటు బెల్టులు మాత్రము కొత్తవే వేయింపవలెను. వాటి లోపలి అరుగుదల పైకి కనబడదు. పాత ఇంజను కొన్నచో దాని నంబరు వ్రాసిన రశీదు తీసికొని, ఆ నంబరును రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయింపవలెను. లేనిచో దొంగసొత్తు కొన్న నింద రావచ్చును.

బ్రేకులపై మిగిల్చిన సొమ్ము బండిలోని పిల్లల ప్రాణములకు సాటిరాదు. ఈ మాటను సభ్యులు గ్రామసభలో వినిపింపవలెనని మేము కోరుచున్నాము.